నలభై మూడో ప్రశ్న

మోన్‌ఫాల్కోనెలో నా ఉద్యోగం అడగడం.
ఆస్పత్రి నుంచి ఒక పేరు వస్తుంది,
ఆ పేరు చల్లబడకముందే
నేను వెళ్ళి తలుపు తట్టాలి.

ఈసారి ఒందీనా విజింతిన్, ఎనభై ఒకటి.
ఊపిరితిత్తి పొర మీద కేన్సరు.
పంజానో పేట, మూడో అంతస్తు, లిఫ్టు లేదు.
చిరునామా చూసి
ఫారం ఇంకొకరికి ఇచ్చేద్దామనుకున్నాను.
ఇవ్వలేదు.

తలుపు తీసింది ఆమె మొగుడు లీవియో.
ఓడల కార్ఖానాలో ముప్పై రెండేళ్ళు
పైపులకు రాతినార చుట్టినవాడు.
ఫొటోలు తీసుకొచ్చి చూపిస్తాడేమో అనుకుంటే
గుమ్మంలోనే నిలబడి
"రావాల్సింది నాకమ్మా, నన్నడుగు" అన్నాడు.
నా ఫారంలో దానికి గడి లేదు.

ఒందీనా కిటికీ పక్కన కూర్చునుంది.
పక్కటెముకల మధ్య నుంచి ఒక గొట్టం,
కింద సీసాలో పలుచటి టీ రంగు నీళ్ళు.
"ఎక్కడ పనిచేశారు?"
"ఎక్కడా లేదు."
"కొన్నాళ్ళయినా?"
"పెళ్ళికి ముందు రొట్టెల కొట్లో రెండేళ్ళు.
పిండి దుమ్ము లెక్కలోకొస్తుందా?"
రాదన్నాను.
నవ్వబోయి దగ్గింది,
దగ్గు తగ్గేదాకా ముగ్గురం సీసా వైపే చూశాం.

నలభై మూడు:
పని బట్టలు ఇంటికి తెచ్చేవారా, ఎవరు ఉతికేవారు?

"శనివారం శనివారం, నేనే.
దులపకుండా నానబెడితే
తొట్టి నీళ్ళు గంజిలా చిక్కబడేవి.
అందుకని ముందు బాల్కనీలో దులిపేదాన్ని.
బోరా గాలి తిరిగిందంటే మహా సుఖం,
చొక్కా పట్టుకు నిలబడితే చాలు
గాలే దులిపిపెట్టేది."

లీవియో బల్ల మీద రొట్టె తునకలు
వేలితో ఒకచోటికి చేరుస్తున్నాడు.
"కార్ఖానాలో మాకు పాలిచ్చేవాళ్ళు,
రోజుకో అరలీటరు, దుమ్ముకు విరుగుడని.
నేను తాగేవాణ్ణి కాదు.
సీసాలో పోసి ఈవిడకి తెచ్చేవాణ్ణి."
ఆ తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

ఖచ్చితం, బహుశా, సాధ్యం, ఇంటి ద్వారా, తెలియదు.
'ఇంటి ద్వారా' చుట్టూ సున్నా చుట్టాను.
పరిహారం సంగతి చెప్పాను:
కార్ఖానా మనిషైతే నెలనెలా,
బట్టలుతికిన మనిషికి ఒకేసారి, ఒక మొత్తం.
దరఖాస్తు వేరు, ఆఫీసు వేరు,
సంతకం మాత్రం ఆమె ఉండగానే కావాలి.
ఉండగానే అన్న మాట మెల్లగా అన్నాను,
అయినా వినబడింది.

లీవియో లెక్కకు దిగాడు.
సెలవులు తీసేశాడు, సమ్మె జరిగిన చలికాలం తీసేశాడు,
మిగిలిన శనివారాలతో ఆ మొత్తాన్ని భాగించాడు.
"శనివారానికి ఇంతా" అని
కాగితం నా వైపు తిప్పాడు.
నేను చదవలేదు.

ఒందీనా సంతకం చేసింది, బడిపిల్లలా గుండ్రంగా.
కలం తిరిగిస్తూ నా మొహంలోకి చూసింది.
"రెండో అంతస్తు నెవియా కూతురివి కదూ నువ్వు?
ఆరేసిన దుప్పట్ల మీద దుమ్ము పోస్తున్నానని
మీ అమ్మ నన్ను తిట్టని వారం లేదు.
బాగుందా?"

పోయిందన్నాను. పదకొండేళ్ళయింది.
గుండె అని రాశారన్నాను.
చివరి ఏడాది ఊపిరి అందేది కాదు.
అప్పుడు మా తలుపు ఎవరూ తట్టలేదు,
నేనీ ఉద్యోగంలో చేరింది ఆ మరుసటేడు.

ఆమె గొట్టం మెలిపడకుండా సర్దుకుని
అచ్చం నా గొంతుతో,
ఫారంలోని వరసతో అడిగింది:
"ఆ దుప్పట్లు ఎవరు దులిపేవారు?"

కలానికి మూత పెట్టాను. మళ్ళీ తీశాను.
"నేనే. తొమ్మిదేళ్ళు నాకు.
స్టూలెక్కి."

"రాసుకో" అంది.